పిస్తోలు ఒర: జీను దుకాణం నుంచి పోటీ మైదానం దాకా

పోటీల్లో కాల్చేవారు నడుముకు కట్టుకునే పిస్తోలు ఒర చూడటానికి ఒరలా ఉండదు. బెల్టుకు బిగించిన చిన్న దిమ్మె, పిస్తోలు ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీని పట్టుకునే ఒక కొక్కెం, అంతే. గొట్టం దాదాపు గాలిలోనే ఉంటుంది. పోలీసు ఒర పిస్తోలును ఎవరూ లాక్కోకుండా కాపాడుతుంది. దాచుకుని తిరిగేవారి ఒర దాన్ని చొక్కా కింద కనబడనివ్వదు. పోటీ ఒర చేయాల్సింది ఒక్కటే, టైమర్ కూత వినబడగానే పిస్తోలును చేతికి వదిలేయడం. అమెరికాలో ఒరల వ్యాపారం మొత్తంలో దీని వాటా చాలా చిన్నది. అయినా గత డెబ్బై ఏళ్లలో ఒరల రూపం మార్చిన ముఖ్యమైన ఆలోచనలు కొన్ని ఇక్కడే పుట్టాయి. తయారీదారు ఖర్చు తగ్గించుకోవాల్సి వచ్చినప్పుడు కత్తెర ముందుగా పడేదీ ఇక్కడే. ఎందుకంటే ఒక పిస్తోలు కొలతలకు చేసిన ఒరలో మరో పిస్తోలు కుదరదు. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవన్న సామెత ఈ వృత్తికి నూటికి నూరుపాళ్లూ నప్పుతుంది.

హోల్‌స్టర్ అన్న మాట ఇంగ్లీషులోకి డచ్చి భాష నుంచి వచ్చింది. 17, 18 శతాబ్దాల్లో అది మనిషి కట్టుకునేది కాదు, గుర్రానికి కట్టేది. జీను ముందు భాగాన అటొకటి ఇటొకటి వేలాడే తోలు గొట్టాల జతను అలా పిలిచేవారు. అప్పటి పిస్తోలు పొడవైనది, బరువైనది, ఒకసారి నింపితే ఒక్క గుండే పేల్చేది. శామ్యూల్ కోల్ట్ 1836 ఫిబ్రవరిలో అమెరికాలో పేటెంటు పొందిన రివాల్వర్ ఆ లెక్క మార్చింది. కానీ మార్పు వెంటనే నడుము దాకా రాలేదు. 1847 నాటి వాకర్ నమూనా సుమారు 2 కిలోల బరువుండేది, దాన్ని మోయడానికీ గుర్రమే కావాల్సి వచ్చింది. 1851లో వచ్చిన నేవీ నమూనా సుమారు 1.2 కిలోలకు దిగింది. పిస్తోలు జీను దిగి మనిషి నడుముకెక్కింది ఇలాంటి తేలిక రివాల్వర్ల కాలంలోనే.

ఆ సమయానికి కాలిఫోర్నియాలో బంగారం వేట జోరుగా సాగుతోంది. గుర్రం లేకుండా కాలినడకన తిరిగే గని మనుషులకు జీను ఒర అక్కరకు రాదు. జీనులు కుట్టే దుకాణాలవారే వారికోసం సన్నని తోలు ఒర కుట్టడం మొదలుపెట్టారు. రివాల్వర్ వంపులను అనుసరిస్తూ కిందికి సన్నబడే ఈ ఒరను కాలిఫోర్నియా నమూనా అంటారు. సేకరణలు చేసేవారు దానికి స్లిమ్ జిమ్ అని ముద్దుపేరు పెట్టారు. ఒర తయారీకి విడిగా వృత్తి అంటూ అప్పటికి లేదు. జీను, కళ్లెం, పటకా కుట్టే చేతులే ఒరనూ కుట్టాయి. ఈ వృత్తి మీద జీను దుకాణపు ముద్ర వందేళ్లకు పైగా చెరగలేదు.

సైన్యాలది వేరే దారి. అమెరికా అంతర్యుద్ధంలో, అంటే 1861 నుంచి 1865 దాకా, గుర్రపు దళాల ఒరకు పైన పెద్ద మూత ఉండేది. వానా దుమ్మూ లోపలికి పోకుండా చూడటం దాని పని, వేగం కాదు. బ్రిటిష్ సైన్యం వాడిన ఒర, పటకా అమరిక పుట్టింది మాత్రం మన దేశంలో. శామ్ బ్రౌన్ అనే అధికారి 1858 ఆగస్టు 31న పీలీభీత్ దగ్గర జరిగిన పోరులో ఎడమ చేయి పోగొట్టుకున్నాడు. ఒర పట్టుకోవడానికి రెండో చేయి లేకపోతే కత్తి దూయడం కష్టం. అందుకని నడుము పటకాకు భుజం మీదుగా అడ్డపట్టీ కలిపి, కత్తి ఒరా పిస్తోలు ఒరా కదలకుండా నిలిచే ఏర్పాటు చేసుకున్నాడు. ఆయన పేరుతోనే ఆ పటకా ప్రపంచమంతా పాకింది. ఒర కదలకపోతేనే చేతికి పని సులువవుతుందన్న ఈ సూత్రమే వందేళ్ల తర్వాత పోటీ బెల్టులకు ఆధారమైంది.

1870లలో అమెరికా పశ్చిమ ప్రాంతాల్లో మెక్సికన్ లూప్ అనే నమూనా వ్యాపించింది. ఒకే తోలు ముక్కను ఒర ఆకారంలో మడిచి, మిగిలిన వెనుక భాగాన్ని లంగాలా కిందికి వదిలి, దానిలో రెండు మూడు అడ్డగాట్లు కోసి, ఒరను ఆ గాట్లలోంచి దూర్చేవారు. తూటాలు గుచ్చుకునే వెడల్పాటి బెల్టు మీద ఇది చక్కగా కూర్చునేది. 1873లో వచ్చిన కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ రివాల్వర్‌కు ఇదే జోడీ అయింది. వ్యోమింగ్‌లోని షయాన్, కొలరాడోలోని డెన్వర్ లాంటి పశువుల వ్యాపారపు ఊళ్లలో పేరున్న జీను దుకాణాలు ఈ ఒరలను పూల నగిషీతో కుట్టి, అచ్చు జాబితాలు వేసి, తపాలాలో అమ్మేవి.

మంచి తోలు ఒర కుట్టే పద్ధతి అప్పటికీ ఇప్పటికీ పెద్దగా మారలేదు. దీనికి చెట్టు బెరడు రసంలో పదునుపెట్టిన తోలే కావాలి. మన దగ్గర లందల్లో తంగేడు చెక్కతో పదునుపెట్టిన తోలు ఏ జాతిదో, ఇదీ ఆ జాతిదే, కాకపోతే అక్కడ ఓక్ లాంటి చెట్ల బెరడు వాడేవారు. క్రోమియం ఉప్పుతో శుద్ధి చేసిన తోలు మెత్తగా ఉంటుంది, కానీ ఇచ్చిన ఆకారం నిలుపుకోదు. పనివాడు సుమారు 3 మిల్లీమీటర్ల మందం తోలును కోసి, ఒక్క దారానికి రెండు కొసలా సూదులు ఎక్కించి, ఆరెతో పొడిచిన ప్రతి రంధ్రంలోంచీ రెండు సూదులనూ ఎదురెదురుగా దూరుస్తాడు. ఈ కుట్టులో ఒక పోగు తెగినా పక్క కుట్లు ఊడవు. కుట్టాక ఒరను నీళ్లలో ముంచి, తోలు చల్లగా మెత్తగా ఉన్నప్పుడే పిస్తోలునో దాని నమూనానో లోపలికి నొక్కి, ఎముక పుల్లతో అంచులన్నీ రుద్దుతాడు. స్లైడ్ అంచు, ట్రిగ్గర్ వంపు, మీటల మిట్టలు తోలు మీద ఒక్కొక్కటిగా తేలతాయి. ఆరాక ఒర ఆ పిస్తోలును తప్ప మరి దేన్నీ ఒప్పుకోదు.

20వ శతాబ్దం మొదట్లో ఒరకు వేగం ఒక కొలత అయింది. సామ్ మైర్స్ అనే జీను పనివాడు టెక్సాస్‌లోని స్వీట్‌వాటర్‌లో దుకాణం పెట్టి, 1920లో ఎల్ పాసోకు మార్చాడు. మెక్సికో సరిహద్దులో దొంగసారా రవాణాను అడ్డుకునే అధికారులు ఆ దుకాణానికి వచ్చేవారు. వారిలో టామ్ థ్రీపర్సన్స్ అనే అధికారి పేరుతో స్థిరపడిన ఒర పాత నమూనా నుంచి చాలా తోలు తీసేసింది. వెనుక లంగా లేదు. ట్రిగ్గర్ కమ్మీ బయటే ఉంటుంది. పిడి కాస్త ముందుకు వాలి చేతికి ఎదురొస్తుంది. ఇప్పటి తోలు ఒరల్లో చాలావాటి పూర్వీకుడు ఇదే. ఒరకు తోలు చేర్చడం కాదు, తోలు తీసేయడమే మెరుగుదల అని ఆచరణలో చూపించిన మొదటి నమూనాల్లో దీన్ని చెప్పుకోవాలి.

1930లలో బర్న్స్-మార్టిన్ ఒర ఇంకో అడుగు వేసింది. దాని ముందు అంచు తెరిచే ఉంటుంది. లోపలి స్ప్రింగు రివాల్వర్‌ను పట్టి ఉంచుతుంది, పైకి లాగకుండా ముందుకు తోస్తే బయటికి వస్తుంది. ఇయాన్ ఫ్లెమింగ్ 1958 నాటి నవల ‘డాక్టర్ నో’లో జేమ్స్ బాండ్‌కు వాల్తర్ పీపీకే పిస్తోలుతోపాటు ఈ ఒరనే ఇచ్చాడు. తుపాకుల నిపుణుడు జెఫ్రీ బూత్‌రాయిడ్ ఆయనకు ఈ ఒరను సిఫారసు చేసింది రివాల్వర్ కోసం. ఫ్లెమింగ్ పిస్తోలు మార్చాడు, ఒర మార్చడం మరిచాడు. గుండ్రని సిలిండర్ కోసం చేసిన ఆ ఒర పలకబారు పీపీకేను పట్టదు. ప్రపంచంలోకెల్లా ప్రసిద్ధుడైన గూఢచారి సరిపోని ఒరతో తిరిగాడన్నమాట.

1950లలో కౌబాయ్ ధారావాహికలు అమెరికా టీవీని కమ్మేసాయి. 1955లో మొదలైన ‘గన్‌స్మోక్’ ప్రారంభ దృశ్యంలో జేమ్స్ ఆర్నెస్ చేతిలో పడిపోయే మనిషి ఆర్వో ఓయాలా. ఆయన అసలు పని హాలీవుడ్ నటులకు ఒరలు కుట్టడం, పిస్తోలు దూయడం నేర్పడం. రెండు తోలు పొరల మధ్య లోహపు రేకు పెట్టి ఒర గట్టిగా నిలిచేలా చేసి, దానికి పేటెంటు తీసుకున్నాడు. తోలు ముడుచుకోదు కాబట్టి రివాల్వర్ ఒరలో ఉండగానే హ్యామర్ వెనక్కి లాగవచ్చు, సిలిండర్ లోపలే తిరుగుతుంది. టీవీ చూసిన వేలమంది ఇళ్ల వెనుక పెరళ్లలో ఇదే అభ్యాసం మొదలుపెట్టారు. ఫాస్ట్ డ్రా పేరుతో క్లబ్బులు వెలిశాయి. క్షణంలో నూరో వంతును కొలిచే గడియారాలు వచ్చాయి. అసలు తూటాలతో సాధన చేసి తమ కాళ్లనే కాల్చుకున్నవారూ ఉన్నారు. అందుకే ఆ క్లబ్బులు మైనపు గుండ్లకూ ఉత్త మందు తూటాలకూ మారాయి.

ఈ వేడుక లోంచి గట్టి క్రీడను తీసినవాడు జెఫ్ కూపర్. మెరైన్ దళంలో లెఫ్టినెంట్ కర్నల్ హోదా వరకు ఎదిగిన ఆయన 1950ల ద్వితీయార్ధంలో కాలిఫోర్నియా కొండల్లోని బిగ్ బేర్ లేక్ దగ్గర లెదర్‌స్లాప్ అనే పోటీలు పెట్టాడు. అసలు తూటాలు, పూర్తి శక్తి పిస్తోళ్లు, నడుమున ఒర, ఎదుట గురి. ఎవరు ముందుగా కొడితే వారిదే గెలుపు. ఎలా దూయాలి, ఎలా నిలబడాలి అన్నదానికి నియమం లేదు. తుంటి దగ్గరి నుంచే చూడకుండా కాల్చినవారు వేగంగా తప్పారు. లాస్ ఏంజెలెస్ కౌంటీ డిప్యూటీ షెరిఫ్ జాక్ వీవర్ రెండు చేతులా పట్టుకుని, కంటి ఎత్తుకు తెచ్చి, గురి చూసి కాల్చి 1959లో గెలిచాడు. ఆ భంగిమకు ఆయన పేరే నిలిచింది. నార్త్ హాలీవుడ్‌లోని ఆండీ ఆండర్సన్ దుకాణం లాంటి చోట్ల ఈ పోటీదారులే కొలతలిచ్చి ఒరలు కుట్టించుకున్నారు. ఓడిన ప్రతిసారీ ఒరలో ఒక అంగుళం తోలు తగ్గేది, లేదా వాలు కొంచెం మారేది. సినిమా ఒర అద్దం ముందు పుట్టింది, పోటీ ఒర గడియారం ముందు పుట్టింది. రెండింటికీ కుట్టు ఒకటే అయినా నడక పూర్తిగా వేరు.

తెలుగు పాఠకులకు పరిచయమైన పిస్తోలు పోటీ ఇది కాదు. ఒలింపిక్స్, ఆసియా క్రీడల్లో ఒర ఉండదు. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్తోలు జట్టు స్వర్ణంలో భాగమైన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ కాల్చే ఆటలో పిస్తోలు చేతిలోనే మొదలవుతుంది. వేగంగా కాల్చే అంచెలో కూడా చేయి కిందికి దించి ఉంచి ఎత్తడమే తప్ప, నడుము నుంచి దూయడం లేదు. నడుము నుంచి దూసే పోటీకి ప్రాక్టికల్ షూటింగ్ అని పేరు. 1976 మేలో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో, కొలంబియా పట్టణంలో జరిగిన సమావేశంలో ఇంటర్నేషనల్ ప్రాక్టికల్ షూటింగ్ కాన్ఫెడరేషన్ ఏర్పడింది. అందరూ ఐపీఎస్‌సీ అంటారు. కూపర్ దాని తొలి అధ్యక్షుడు. కచ్చితత్వం, శక్తి, వేగం అనే మూడు లాటిన్ మాటలు దాని నినాదం. దాని అమెరికా శాఖగా యూఎస్‌పీఎస్‌ఏ 1984లో రూపుదిద్దుకుంది.

ఈ క్రీడలో లెక్క వేసే తీరు తెలిస్తే ఒర విలువ తెలుస్తుంది. ఒక అంకంలో వచ్చిన పాయింట్లను పట్టిన క్షణాలతో భాగిస్తారు. 100 పాయింట్లు 10 సెకన్లలో వస్తే ఫలితం 10. అవే పాయింట్లు 9.8 సెకన్లలో వస్తే 10.2. ఆ 0.2 సెకను గురిలో సంపాదించాలంటే ఏళ్ల సాధన కావాలి, ఒరలో సంపాదించడం అంతకన్నా సులువు. తోలు పిస్తోలును ఒక్క వెంట్రుకవాసి ఎక్కువ పట్టినా ఆ సమయం పోతుంది. పట్టు తక్కువైతే పరుగెత్తేటప్పుడు పిస్తోలు జారుతుంది. ఈ రెండింటి నడుమ ఉన్న సన్నని గీత మీద పనిచేయడమే పోటీ ఒర కుట్టేవాడి నైపుణ్యం.

పెద్ద కంపెనీలు పుట్టింది కూడా ఈ కాలంలోనే. కాలిఫోర్నియాలోని మన్రోవియాలో పోలీసు ఉద్యోగిగా ఉన్న జాన్ బియాంకీ 1950ల చివరిలో ఇంటి గ్యారేజీలో ఒరలు కుట్టడం మొదలుపెట్టాడు. ఆ పని పెరిగి పెద్ద కర్మాగారమైంది. 1985లో అమెరికా సైన్యం బెరెట్టా పిస్తోలుకు మారినప్పుడు దానికి తోడుగా ఇచ్చిన ఎం12 ఒర బియాంకీ రూపకల్పనే. నీల్ పెర్కిన్స్ 1964లో కాలిఫోర్నియాలోనే సఫారీలాండ్‌ను స్థాపించాడు. పోటీదారులతో సంబంధం ఈ రెండు సంస్థలకూ ముఖ్యమైంది. 1975లో జూరిక్‌లో ప్రపంచ విజేత అయిన రే చాప్‌మన్‌తో కలిసి బియాంకీ 1979లో కొలంబియాలో బియాంకీ కప్ మొదలుపెట్టాడు. ఒర తయారీదారు పేరుతో నడిచిన ఈ పోటీలో నాలుగు అంకాలు, మొత్తం 1,920 పాయింట్లు. ఒక్క పాయింటూ పోకుండా 1,920 కొట్టిన మొదటివాడు డగ్ కోయినిగ్, అదీ 1990లో. ఒక ఒర కంపెనీ తన సరుకు అమ్ముకోవడానికి క్రీడనే నిలబెట్టిందంటే, ఆనాడు పోటీ ఒరకు ఉన్న గౌరవం ఎంతటిదో ఊహించుకోవచ్చు.

1980లలో పోటీ పిస్తోలు మామూలు పిస్తోలుకు దూరమైంది. గొట్టం కొసన వేడి వాయువును పైకి వదిలి ఎగురుడు తగ్గించే కాంపెన్సేటర్ వచ్చింది. ఆ తర్వాత ఎర్ర చుక్క చూపే గురి అద్దం వచ్చింది. మొదట్లో ఈ అద్దం చిన్న టార్చిలైటంత ఉండి, పిస్తోలు మీద వంతెనలా కూర్చునేది. ఇలాంటి రేస్ గన్‌ను ఏ తోలు సంచీ పట్టదు. అప్పుడే గొట్టాన్ని వదిలేసి, ట్రిగ్గర్ కమ్మీ దగ్గర మాత్రమే పట్టే రేస్ ఒర స్థిరపడింది. పిస్తోలును లోపల పెట్టి చిన్న మీట తిప్పితే తాళం పడుతుంది. తన వంతు రాగానే పోటీదారు మీటను వెనక్కి తిప్పుతాడు. అప్పటి నుంచి పిస్తోలు దాదాపు తేలుతూ ఉంటుంది, పిడి పట్టి కొద్దిగా కదిపితే చాలు చేతికొస్తుంది. వాలు, ఎత్తు, నడుము నుంచి దూరం అన్నీ మరలతో సరిచేసుకోవచ్చు. లోపలి దిమ్మె ఒక్కటి మారిస్తే వేరే పిస్తోలుకూ పనికొస్తుంది. ఈ చివరి గుణం వ్యాపారపరంగా ఎంత విలువైనదో తర్వాతి కాలంలో తేలింది. రేస్ ఒరల తయారీలో నెదర్లాండ్స్‌కు చెందిన డబుల్ ఆల్ఫా, ఇటలీకి చెందిన ఘోస్ట్ లాంటి సంస్థలు పేరు తెచ్చుకున్నాయి. అలా ఈ చిన్న సరుకులో అమెరికా గుత్తాధిపత్యం పోయింది.

ఇదే సమయంలో తోలుకు పోటీగా ప్లాస్టిక్ నిలిచింది. కైడెక్స్ అనే పలకను రోమ్ అండ్ హాస్ కంపెనీ 1965లో విమానాల లోపలి భాగాల కోసం తెచ్చింది. ఎఫ్‌బీఐలో పనిచేసిన బిల్ రోజర్స్ 1970లలో దాన్ని ఒరలకు వాడి, పోలీసు ఒర పిస్తోలును ఎంత గట్టిగా కాపాడుతుందో కొలిచే అంచెల పద్ధతినీ పెట్టాడు. ఆయన సంస్థను తర్వాత సఫారీలాండ్ కొనుక్కుంది. కైడెక్స్ పని చూడముచ్చటగా ఉంటుంది. రెండు మిల్లీమీటర్ల పలకను పొయ్యిలో 165 డిగ్రీలు దాటేదాకా వేడిచేస్తే పెనం మీది చపాతీలా మెత్తబడుతుంది. దాన్ని పిస్తోలు నమూనా మీద పరిచి, స్పాంజి దిమ్మెల మధ్య నొక్కి చల్లారనిస్తే ప్రతి గాటూ అచ్చుపడుతుంది. అంచులు రంపంతో కోసి, గరుకు కాగితంతో రుద్ది, మరలు బిగిస్తే ఒర సిద్ధం. పిస్తోలు లోపలికి దిగి ట్రిగ్గర్ కమ్మీ గాడిలో పడగానే టక్కుమని వినబడుతుంది. ఆ శబ్దం కోసమే మరలను పావు చుట్టు ఇటు, పావు చుట్టు అటు తిప్పుతూ కూర్చునే పోటీదారులు ఉంటారు. తోలు వానకు ఉబ్బుతుంది, చెమటకు మెత్తబడుతుంది, కైడెక్స్‌కు ఆ బాధ లేదు. పొయ్యీ రంపమూ ఉన్న ఎవరైనా ఒరల దుకాణం తెరవగలిగారు.

నియమాలు కూడా ఒరల సంఖ్యను పెంచాయి. ఖరీదైన రేస్ గన్‌లకు ఎదురుగా మామూలు పిస్తోళ్లవారు నిలవలేకపోవడంతో క్రీడను విభాగాలుగా చీల్చారు. 1996లో ఐడీపీఏ అనే వేరే సంఘం పుట్టి, నిత్యం కట్టుకోదగిన ఒరనే అనుమతించింది, పైన చొక్కానో కోటో కప్పి దూయమంది. 2000 ప్రాంతంలో ఐపీఎస్‌సీలో ప్రొడక్షన్ విభాగం వచ్చింది. కర్మాగారం నుంచి వచ్చిన పిస్తోలును పెద్ద మార్పులు లేకుండా వాడాలి, ఒర తుంటి ఎముకకు వెనుకే ఉండాలి. దీంతో గ్లాక్, సీజడ్, బెరెట్టా, సిగ్, స్మిత్ అండ్ వెసన్ పిస్తోళ్లతో కొత్తవారు వేలల్లో వచ్చారు. ప్రతి ఒక్కరికీ తన పిస్తోలుకు, తన విభాగపు నియమానికి సరిపోయే ఒర కావాల్సి వచ్చింది. 2010లలో స్లైడ్ మీద చిన్న ఎర్ర చుక్క అద్దం బిగించిన మామూలు పిస్తోళ్లకూ విభాగం పెట్టారు. ఆ అద్దం తగలకుండా పాత ఒరల ముందు అంచును కోసి మళ్లీ గీయాల్సి వచ్చింది.

ఈ విస్తరణ తయారీదారు గోదాములో ఎలా కనిపిస్తుందో ఒక లెక్క చెబుతుంది. 40 రకాల పిస్తోళ్లకు ఒరలు చేసే సంస్థ ఉందనుకుందాం. ఒక్కో పిస్తోలుకు కుడిచేతి ఒర, ఎడమచేతి ఒర కలిపితే 80. పిస్తోలు కింద టార్చిలైటు ఉన్నది, లేనిది అని విడదీస్తే 160. బెల్టుకు తగిలించే పద్ధతులు మూడైతే 480. ఇందులో రంగులు ఇంకా లెక్కలోకి రాలేదు. చేత్తో అచ్చువేసే చిన్న దుకాణానికి ఒక్కో రకానికి పిస్తోలు నమూనా ఒకటుంటే సరిపోతుంది. వేలల్లో అచ్చుపోసే పెద్ద సంస్థకు ఉక్కు అచ్చు కావాలి, ఒక్కో అచ్చుకు వేల డాలర్లు అవుతాయి. జనాభాలో సుమారు పదిమందిలో ఒకరే ఎడమచేతివాటం. పోటీదారుల్లో ఎడమచేతివాటం ఉండి, అరుదైన పిస్తోలు వాడేవారు ఏడాదికి పట్టుమని పదిమంది రావచ్చు. ఆ అచ్చు తన ఖర్చు ఎన్నటికీ రాబట్టుకోదు.

మరోవైపు ఇంకో బజారు విపరీతంగా పెరిగింది. 1987లో ఫ్లోరిడా రాష్ట్రం, అర్హత ఉన్న పౌరుడు అడిగితే పిస్తోలు దాచుకుని తిరిగే అనుమతి ఇచ్చి తీరాలని చట్టం చేసింది. ఒక్కో రాష్ట్రమూ ఆ బాటపట్టింది. 2013లో ఇల్లినాయ్ చట్టంతో ఏదో ఒక రూపంలో అనుమతి లేని రాష్ట్రమంటూ మిగల్లేదు. 2020ల తొలి ఏళ్లకు ఇలాంటి అనుమతిపత్రాలు 2 కోట్లు దాటాయి. యూఎస్‌పీఎస్‌ఏ సభ్యులు పదుల వేలల్లోనే ఉన్నారు. ప్యాంటు లోపల పెట్టుకునే ఒక రకం ఒర ఒక్క అచ్చు మీద అమ్ముడయ్యే సంఖ్యతో పోటీ ఒరల జాబితా మొత్తం తూగలేదు. సంస్థల యాజమాన్యమూ మారింది. సఫారీలాండ్‌ను 1999లో ఆర్మర్ హోల్డింగ్స్ కొంది. తర్వాత బియాంకీ కూడా అదే గూటికి చేరింది. 2007లో ఆ మొత్తాన్ని బీఏఈ సిస్టమ్స్ అనే బ్రిటిష్ ఆయుధ సంస్థ కొనేసింది. పోలీసు శాఖల, సైన్యాల టెండర్ల లెక్కలో నడిచే ఇలాంటి సంస్థల్లో, వారాంతంలో పోటీకి వెళ్లే మనిషి కోసం విడిగా ఒక వరుస సరుకు నిలబెట్టడం కష్టమవుతుంది. 2020, 2021లలో అమెరికాలో తూటాల కొరత వచ్చింది. ఉన్న తూటాల ధర పెరిగింది. సాధనకు వందల తూటాలు కాల్చేవారికి ఆ దెబ్బ నేరుగా తగిలింది.

జాబితా కుదించేటప్పుడు వరుస దాదాపు ఎక్కడైనా ఒకటే. ముందు ఎడమచేతి ఒరలు పోతాయి. తర్వాత తయారీ ఆగిపోయిన పిస్తోళ్లవి. ఆ తర్వాత పొడుగు గొట్టం నమూనాలు, రంగులు. చివరికి నాలుగైదు ప్రసిద్ధ పిస్తోళ్లకు కుడిచేతి ఒరలు మిగులుతాయి. కొందరు తెలివిగా దిమ్మె మార్చుకునే రేస్ ఒరను మాత్రం ఉంచుకుంటారు, ఎందుకంటే దానికి ఒరంతా మార్చక్కర్లేదు. వ్యాపారం దృష్టిలో ఈ కోతలు న్యాయమైనవే. వృత్తి దృష్టిలో మాత్రం నష్టం ఉంది. ఒర ఎక్కడ పట్టాలి, ఎక్కడ వదలాలి అన్నది సెకనులో నూరో వంతు తేడాతో చెప్పగలిగేవాడు పోటీదారు. వీవర్, చాప్‌మన్ లాంటివారు గడియారం ముందు తేల్చిన సంగతులే తర్వాత పోలీసుల చేతికీ సామాన్యుల చేతికీ వచ్చాయి. ఆ మనిషి దుకాణానికి రావడం మానేస్తే, ఒరలో ఏది పనికిరాదో చెప్పేవారు తగ్గిపోతారు.

ఖాళీ అయిన చోటును ఇద్దరు ముగ్గురు పనిచేసే చిన్న కైడెక్స్ దుకాణాలు నింపుతున్నాయి. ఆర్డరు వచ్చాకే పలక కోస్తాయి కాబట్టి వాటికి గోదాము అక్కర్లేదు. ఎడమచేతివాటం వారికి వారాలు ఆగక తప్పదు, కానీ సరిపోయే ఒర దొరుకుతుంది. ఆగలేనివారు దగ్గరి కొలతల పిస్తోలుకు చేసిన ఒరను కొని, వేడిగాలి గొట్టంతో మెత్తబరిచి సర్దుకుంటారు. ఇది ప్రమాదకరమైన సర్దుబాటు. అంకం నడుమ పరుగులో ఒర వదులై, తూటాలు నింపిన పిస్తోలు జారి నేల మీద పడితే, తాను దాన్ని తాకకుండా రేంజి అధికారి తీసి ఖాళీ చేసేదాకా పోటీదారు నిలబడాలి. ఐపీఎస్‌సీ నియమాల ప్రకారం అతని పోటీ అక్కడితో ముగుస్తుంది. మిగిలిన అంకాల్లో కాల్చనివ్వరు.